పేపర్ పెట్టాక: ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను. ఉద్యోగం మానేసి వెళ్లేవాళ్లను చివరి వారంలో కూర్చోబెట్టి, "ఎందుకు వెళ్తున్నారు, ఇక్కడ ఏం బాగుంది, ఏం బాగాలేదు" అని అడిగి రాసుకోవడం నా పనుల్లో ఒకటి. దాన్నే ఎగ్జిట్ ఇంటర్వ్యూ అంటారు.

ఒక స్టాఫ్ నర్సు సంగతి చెప్తాను. ఫారంలో అన్నింటికీ "గుడ్" దగ్గర టిక్కులు పెట్టింది. కారణం అన్నచోట "పర్సనల్" అని రాసింది. సంతకం తీసుకుని, "సరేనమ్మా, ఆల్ ది బెస్ట్" అన్నాను. లేచి వెళ్లి, తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగింది.

"మేడమ్, ఒక్క మాట. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగుతాం కదా. హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి తొమ్మిదిన్నర. ఉండవల్లి వైపు షేర్ ఆటో నిండేదాకా బ్యారేజీ దగ్గర నిలబడాలి. మా ఆయన ఊళ్లో ఉన్నప్పుడు బండి మీద వచ్చి తీసుకెళ్లేవాడు. ఇప్పుడు ఆయనకి హైదరాబాద్‌లో పని. నాలుగు నెలలు చూశాను మేడమ్. ఇక నా వల్ల కాలేదు."

ఆ మాట ఫారంలో ఎక్కడా లేదు. ఫారం వెనక నేనే రాసుకున్నాను. తర్వాత పాత డ్యూటీ రిజిస్టర్లు తిరగేస్తే, అంతకుముందు మానేసిన ఇద్దరు కూడా కృష్ణ అవతలివాళ్లే, ఆ షిఫ్టువాళ్లే. ఆ వివరం పట్టుకుని మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్లాను. మూడు నెలలు పట్టింది కానీ, అవతల ఒడ్డున ఉండేవాళ్లకు రాత్రిపూట ఒక వ్యాన్ పెట్టారు. జీతాల మాట ఎన్నిసార్లు ఎత్తినా కదలనివాళ్లు దీనికి కదిలారు. ఆ అమ్మాయి చెప్పినదాంట్లో టైము ఉంది, చోటు ఉంది, మర్నాడు మొదలుపెట్టి చేయగలిగిన పని ఉంది.

అలాంటి మాట గుమ్మం దగ్గర కాకుండా కుర్చీలో కూర్చుని ఉండగానే చెప్పడం ఎలా, మనకు నష్టం రాకుండా చెప్పడం ఎలా అన్నది ఇక్కడ రాస్తున్నాను. అవతలి కుర్చీలో కూర్చుని ఎంతోమంది మాటలు విన్నాను. చివరికి నా రాజీనామా కూడా అక్కడే ఇచ్చి, ఇవతలి కుర్చీలోనూ కూర్చున్నాను. అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

మీరు చెప్పింది ఎక్కడికి వెళ్తుంది

ఎగ్జిట్ ఇంటర్వ్యూ అనేది కంపెనీ తన కోసం పెట్టుకున్న పద్ధతి. మానేసేవాళ్లు దీనికి తప్పకుండా హాజరుకావాలని ఏ చట్టంలోనూ లేదు. మాట్లాడాలని లేకపోతే మర్యాదగా ఆ ముక్క చెప్పి ఊరుకోవచ్చు. అయినా వెళ్లమనే నా సలహా. వెళ్లకపోతే "అలిగి వెళ్లిపోయారు" అన్న ముద్ర పడుతుంది. పైగా మీ కుర్చీలో రేపు ఇంకొకరు కూర్చోవాలి కదా, వాళ్ల కోసమైనా పది నిమిషాలు ఇవ్వండి.

మీరు చెప్పింది హెచ్‌ఆర్ రాసుకుంటారు, ఫైల్లో పెడతారు, ముఖ్యం అనిపించింది పైవాళ్లకు చేరవేస్తారు. ఫారం పైన "కాన్ఫిడెన్షియల్" అని ఉంటుంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి నేను ఎంతో ప్రయత్నించాను. కానీ నలుగురు పనిచేసే సెక్షన్‌లో ఒకరు మానేశాక, ఆ వారమే సూపర్‌వైజర్‌కి అక్షింతలు పడితే, చెప్పిందెవరో పేరు లేకుండానే తెలిసిపోతుంది. గదిలో అన్న ప్రతి మాటా ఏదో ఒకరోజు బయటికి వస్తుందన్న లెక్కతోనే వెళ్లండి.

మన దగ్గర ఇది ఇంకా ఎక్కువ. విజయవాడకీ గుంటూరుకీ మధ్య గంట ప్రయాణం. ఆసుపత్రుల వాళ్లు ఒకరికొకరు తెలుసు, కాలేజీల వాళ్లు ఒకరికొకరు తెలుసు. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో మానేసిన మెకానిక్ రెండు రోడ్ల అవతల చేరతాడు, ఆ ఇద్దరు ఓనర్లూ ఒకే కొట్టు దగ్గర టీ తాగుతారు. కొత్తచోట మిమ్మల్ని తీసుకునేముందు పాతచోటికి ఒక ఫోన్ వెళ్తుంది. దానికి కంపెనీ లెటర్‌హెడ్ అక్కర్లేదు.

మాట కంటే ముందు కాగితం

ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లేలోపు డబ్బు, సర్టిఫికెట్ల సంగతి ఎంత తేల్చుకుంటే అంత మంచిది. ఇది నేను నా మొదటి ఉద్యోగంలో దెబ్బతిని నేర్చుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో చేసేదాన్ని. చేరేటప్పుడే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. మానేసే రోజు లోపలికి పిలిచి "ఏమ్మా, ఏంటి ఇబ్బంది" అని అడిగితే, రెండేళ్లుగా కడుపులో పెట్టుకున్నదంతా కక్కేశాను. ఫలానా సార్ ఇలా, ఫలానా మేడమ్ అలా అని పేర్లతో సహా చెప్పాను. చెప్పినవేవీ అబద్ధాలు కావు. కానీ సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. "రేపు రా", "సార్ ఊళ్లో లేరు", "తాళంచెవి అకౌంటెంట్ దగ్గరుంది" అంటూ ఆరు వారాలు తిప్పారు. తర్వాత విజయవాడలో ఒక ఇంటర్వ్యూకి వెళ్తే అవతలాయన మొదట అడిగిన ప్రశ్న, "అక్కడ గొడవపడి వచ్చారట కదా?"

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. రాజీనామా ఇచ్చిన మొదటి వారంలోనే ఒరిజినల్స్ అడిగి తీసుకోండి. నర్సులైతే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం, లెక్చరర్లయితే పీజీ, బీఈడీ పట్టాలు. నోటితో అడిగి ఊరుకోకుండా ఒక మెయిల్ పెట్టండి, అందులో తేదీ ఉంటుంది. ఆఫీసు మెయిల్ చివరిరోజు ఆపేస్తారు కాబట్టి, మీ సొంత మెయిల్‌ని కూడా కాపీలో పెట్టండి. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు ముందే దించుకోండి. కంపెనీ ఫైళ్లు, కస్టమర్ల వివరాలు మాత్రం ముట్టుకోవద్దు. అది ఇంకో రకం తలనొప్పి.

ఆ తర్వాత డబ్బు. అందరూ ఎఫ్ అండ్ ఎఫ్ అనే ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ఏమేం రావాలో మీరే ఒక కాగితం మీద వేసుకోండి: పనిచేసిన రోజుల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, ఆగిపోయిన ఇన్సెంటివ్, నోటీసు పీరియడ్ తగ్గితే కోసేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అనే కొత్త చట్టం ప్రకారం, ఉద్యోగి రాజీనామా చేసినా, కంపెనీయే తీసేసినా, రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి. "మా పాలసీలో నలభై అయిదు రోజులు" అని ఎవరైనా అంటే గొడవ పెట్టుకోకుండా, "కొత్త కోడ్‌లో రెండు పని దినాలని ఉంది కదా సార్, ఒకసారి చూడండి" అని రాతపూర్వకంగా అడగండి.

అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకి కంపెనీ చివర్లో ఇచ్చే డబ్బు, వస్తుంది. గడువు రాసుకుని చేరిన ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు ఇప్పుడు ఏడాది సర్వీసుకే వస్తుంది. లెక్క కష్టమేమీ కాదు. చివరి నెల బేసిక్ జీతం, డీఏ (కరువు భత్యం) కలిపి 26,000 అనుకుందాం. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 15,000. ఇది ఏడాదికి వచ్చేది. మీ సర్వీసు ఆరేళ్ల ఏడు నెలలైతే, ఆరు నెలలు దాటింది కాబట్టి ఏడేళ్లుగా లెక్క: 1,05,000. ఇది ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఆసుపత్రిలో ఆయాలుగా చేసినవాళ్లకు, సెక్యూరిటీవాళ్లకు ఈ డబ్బు ఉందనే చాలాసార్లు తెలియదు. మీ పక్కన అలాంటివాళ్లెవరైనా మానేస్తుంటే కాస్త కూర్చోబెట్టి చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది.

పీఎఫ్‌లో చూడాల్సింది ముఖ్యంగా ఒకటే: డేట్ ఆఫ్ ఎగ్జిట్. మీరు మానేసిన తేదీని కంపెనీవాళ్లు పీఎఫ్ పోర్టల్‌లో ఎక్కించాలి. ఎక్కించకపోతే పాత ఖాతాని కొత్తదానికి మార్చుకోవడం, డబ్బు తీసుకోవడం రెండూ ఆగిపోతాయి. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత కూడా వాళ్లు ఎక్కించకపోతే, మీరే యూఏఎన్ (పీఎఫ్‌లో మీకిచ్చే శాశ్వత నంబరు) పోర్టల్‌లోకి వెళ్లి "మేనేజ్" కింద "మార్క్ ఎగ్జిట్" నొక్కి, ఆధార్‌కి లింకైన ఫోన్‌కి వచ్చే ఓటీపీతో ఎక్కించుకోవచ్చు. ఆధార్‌లో పేరు, యూఏఎన్‌లో పేరు ఒకేలా ఉన్నాయా లేదా అన్నది నోటీసు పీరియడ్‌లోనే చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటాయి. ఒకచోట పొడి అక్షరమే ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా కంపెనీ చేత దిద్దించుకోవడం తేలిక. మానేశాక దిద్దించుకోవాలంటే చెప్పులు అరుగుతాయి.

ఇంకో మాట. చేతిలో డబ్బు కనబడుతోందని పీఎఫ్ మొత్తం తీసేయకండి. అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి, ఖాతా బదిలీ చేసుకుంటూ పోతే పాత ఏళ్లు కూడా అందులో కలుస్తాయి. ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉన్నవాళ్లు కొత్తచోట పాత నంబరే ఇవ్వండి, అది జీవితాంతం ఒకటే.

వీటిలో కొన్ని చివరిరోజుకి తేలవు. అయినా మెయిల్లో రాత ఉందా లేదా అన్నది చూసుకుని, అప్పుడు గదిలోకి వెళ్లండి.

ముందు రోజు రాత్రి

ఒక తెల్లకాగితం తీసుకుని మనసులో ఉన్నదంతా రాసేయండి. పండగ రోజు సెలవు ఇవ్వలేదని, అందరి ముందు అరిచారని, మీరు చేసిన పనికి ఇంకొకరు పేరు కొట్టేశారని, నాలుగేళ్లలో జీతం రెండు వేలు పెరిగిందని. రాస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగినా రాయండి. అది ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. మీ గదిలో, మీ కాగితం మీద రావడం అన్నింటికంటే మంచిది.

రాశాక ఒక్కో వాక్యం దగ్గర ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట చెప్తే నా తర్వాత వచ్చేవాళ్లకు ఏదైనా మారుతుందా? నేను ఎవరి గురించి చెప్తున్నానో ఆ మనిషి పక్క కుర్చీలో ఉన్నా ఇదే మాట ఇలాగే అనగలనా? రెండింటికీ "అవును" అని వచ్చినవే మిగలనివ్వండి. సాధారణంగా రెండో మూడో మిగులుతాయి. అవి చాలు. పది ఫిర్యాదులు చెప్తే హెచ్‌ఆర్ పెన్ను పక్కన పెట్టేస్తారు. రెండు చెప్తే రాసుకుంటారు. నేను కూడా అంతే చేసేదాన్ని, అబద్ధం ఎందుకు.

మిగిలిన రెండు మాటలకీ తేదీ, సంఖ్య, చోటు తగిలించండి. "పని ఒత్తిడి ఎక్కువ" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "ఆదివారం నైట్ డ్యూటీలో ముప్పై బెడ్లకు ఇద్దరమే ఉంటున్నాం, గత నెల నాలుగు ఆదివారాలూ అంతే" అంటే చేయగలరు. "శాలరీ టైముకి రాదు" అనడం కంటే "ఏప్రిల్ జీతం మే 14న పడింది, మే జీతం జూన్ 17న పడింది" అనడం నయం. ఆ రెండో వాక్యంలో కోపం కనిపించదు కానీ, అది విన్నవాళ్లు తోసిపుచ్చలేరు.

బాగున్నది కూడా ఒకటి రాసుకోండి. నిజంగా బాగున్నదే. క్యాంటీన్ పెద్దాయన డ్యూటీ ఆలస్యమైన రోజు మీ కోసం కూర తీసిపెట్టి ఉంచడమైనా సరే. మీరు తక్కెడ సమంగా పట్టుకున్నారని అవతలివాళ్లకు తెలుస్తుంది.

గదిలో

ఇంటర్వ్యూ మీ చివరిరోజు సాయంత్రం పెట్టకుండా, రెండు మూడు రోజుల ముందు పెట్టమని అడగండి. చివరిరోజు ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, లాకర్ తాళంచెవి అప్పజెప్పడంతోనే సరిపోతుంది. సెండాఫ్ కేకు కూడా అప్పుడే కోస్తారు. మనసు ఒకచోట నిలవదు.

భాష సంగతి ముందే తేల్చుకోండి. గన్నవరం దగ్గర మేధా టవర్స్‌లోనో, మంగళగిరిలోనో ఐటీ కంపెనీల్లో చేసేవాళ్లకు ఈ ఇంటర్వ్యూ హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వీడియో కాల్‌లో, ఇంగ్లీషులో జరుగుతుంది. మనకు అలవాటైన ఇంగ్లీషు పని ఇంగ్లీషు. బాధ చెప్పుకునే ఇంగ్లీషు కాదు. తెలుగులో "ఆయన కొంచెం విసుక్కుంటారు" అనేది ఇంగ్లీషులోకి వచ్చేసరికి "ఆయన హరాస్ చేస్తారు" అయిపోతుంది. అది రికార్డులోకి ఎక్కితే మీరు చెప్పాలనుకున్నది వేరు, అక్కడ ఉన్నది వేరు. అవతల తెలుగువాళ్లుంటే "తెలుగులో చెప్పొచ్చా మేడమ్?" అని అడగండి. లేకపోతే మీ రెండు మాటలూ ముందే రాసుకుని, చూసి చదవండి. తప్పేమీ లేదు.

మొదటి ప్రశ్న ఎప్పుడూ "ఎందుకు మానేస్తున్నారు?" అనే. కొత్త ఉద్యోగం దొరికింది అనేది కారణం కాదు, అసలు మీరు వెతకడం ఎందుకు మొదలుపెట్టారన్నది కారణం. అదే ఒక్క వాక్యంలో చెప్పండి. "మూడేళ్లుగా ఒకే పని సార్, కొత్తది నేర్చుకునే అవకాశం రాలేదు. రెండుసార్లు అడిగాను, కిందటి సంవత్సరం జూన్‌లో ఒకసారి, ఈ జనవరిలో ఒకసారి." ఇక్కడ ఆపేయండి. చాలామంది ఇక్కడే ఆపలేరు. అవతలివాళ్లు రెండు క్షణాలు మాట్లాడకుండా చూస్తే, ఆ నిశ్శబ్దం భరించలేక ఇంకా ఇంకా చెప్పుకుంటూ పోతారు. ఆ నిశ్శబ్దంలో అవతలివాళ్లు రాసుకుంటున్నారంతే. మంచినీళ్లు తాగండి.

"మీ మేనేజర్ ఎలా ఉండేవారు?" అని తప్పకుండా అడుగుతారు. మనిషిని వదిలేసి పని గురించి చెప్పండి. "ఆయనకి మాట్లాడటం రాదు" అనడం ఒకటి, "డ్యూటీ చార్టు ముందురోజు రాత్రి పది దాటాక వాట్సాప్‌లో వచ్చేది, పొద్దున ఆరింటి డ్యూటీ ఉన్నా అప్పుడే తెలిసేది. వారం ముందు ఇస్తే అందరికీ బాగుంటుంది" అనడం ఒకటి. మొదటిది విని హెచ్‌ఆర్ తల ఊపి వదిలేస్తారు. రెండోది నేనైతే ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పేదాన్ని.

"ఎక్కడ చేరుతున్నారు, ఎంత ఇస్తున్నారు?" చెప్పాల్సిన అవసరం లేదు. "చేరాక తప్పకుండా చెప్తాను సార్" అని నవ్వుతూ అనేస్తే చాలు. ఆఫర్ లెటర్ చూపించమంటే అసలు చూపించకండి. ఇక్కడే కొందరు "ఇంకో మూడు వేలు వేస్తాం, ఉండిపో" అంటారు. డబ్బొక్కటే కారణమైతే ఆలోచించుకోండి. కానీ ఆ మాట లెటర్ మీద రాసిచ్చేదాకా కొత్త ఉద్యోగం వదులుకోకండి. ఉండిపోయాక, "ఒకసారి వెళ్లబోయినవాడు" అన్న చూపు కొన్నాళ్లు ఉంటుందని కూడా తెలుసుకోండి.

"మీతోపాటు ఇంకెవరైనా మానేసే ఆలోచనలో ఉన్నారా?" ఇది మాత్రం ఎంత చనువుగా అడిగినా, ఎంత అక్కలా అడిగినా జవాబివ్వకండి. "వాళ్ల సంగతి వాళ్లే చెప్పాలి మేడమ్" అంతే. మీ నోటివెంట వచ్చిన ఒక్క పేరు ఆ మనిషి ఇంక్రిమెంట్ ఆపగలదు. నన్ను కూడా ఈ ప్రశ్న అడగమని పైవాళ్లు చెప్పేవారు. కొన్నాళ్లు అడిగాను కూడా. తర్వాత మానేశాను.

"మళ్లీ అవకాశం వస్తే ఇక్కడ చేరతారా?" అంటే, తలుపు మూయకండి. "పరిస్థితులు కుదిరితే తప్పకుండా ఆలోచిస్తాను" అనండి. ఇది మొహమాటం కోసం చెప్పమనడం లేదు. మా ఆసుపత్రిలోనే వెళ్లిన వార్డ్ ఇన్‌చార్జి ఒకరు మూడేళ్ల తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్‌గా తిరిగి వచ్చారు. ఆమె ఫైల్ తీస్తే పాత ఎగ్జిట్ ఫారం అందులోనే ఉంది. స్టెరిలైజేషన్ రూములో ట్రేలు సరిపోవడం లేదని అందులో రాశారు. వచ్చాక మొదట చేసిన పని కొత్త ట్రేలు తెప్పించడం.

ఏడుపు వస్తే? వస్తుంది, ముఖ్యంగా ఎక్కువ ఏళ్లు చేసినవాళ్లకు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. "రెండు నిమిషాలు ఆగుదామా" అని అడగండి. ఆ రెండు నిమిషాలూ ఇవ్వని హెచ్‌ఆర్ ఉంటే, మిగతా ప్రశ్నలకు "గుడ్" అని టిక్కు పెట్టి లేచి వచ్చేయండి. మీరు వాళ్లకు బాకీ లేరు.

సంతకం పెట్టేముందు

ఎగ్జిట్ ఫారం కింద, లేదా దానితో కలిపి ఇచ్చే నో డ్యూస్ (బాకీలేవీ లేవనే) కాగితంలో, చిన్న అక్షరాల్లో "నాకు రావాల్సిన మొత్తం అంతా ముట్టింది, ఇకపై ఎటువంటి క్లెయిమ్ లేదు" అన్న వాక్యం ఉంటుంది. డబ్బు ఇంకా పడకపోతే దాని మీద ఊరికే సంతకం పెట్టకండి. సంతకం పక్కన మీ చేత్తో, "ఫైనల్ సెటిల్‌మెంట్, గ్రాట్యుటీ ఇంకా అందలేదు" అని రాసి, తేదీ వేసి, అప్పుడు పెట్టండి. "అలా రాయకూడదమ్మా, సిస్టమ్‌లో తీసుకోదు" అంటారు. కాగితం మీద పెన్నుతో రాయడానికి ఏ సిస్టమ్ అక్కర్లేదు. వినకపోతే అదే రోజు మెయిల్ పెట్టండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుని మరీ కాగితం ఇచ్చేయండి.

హెచ్‌ఆర్ మీ మాటల్ని రాసుకుంటే, "ఏం రాశారో ఒకసారి చదువుతారా" అని అడగండి. మీరు అనని మాట కనిపిస్తే అక్కడే దిద్దించండి.

ఈ గదిలో చెప్పి ఊరుకోకూడనివి

కొన్ని విషయాలకు ఎగ్జిట్ ఇంటర్వ్యూ చాలదు. ఇక్కడ చెప్తే అవి ఫైల్లో చేరి ఆగిపోతాయి. లైంగిక వేధింపు అందులో మొదటిది. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఆ కమిటీకే ఇవ్వాలి. జరిగిన మూడు నెలల్లో ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. పదిమంది లేని చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది. ఉద్యోగం మానేసినంత మాత్రాన ఆ హక్కు పోదు. కాబట్టి "వెళ్లిపోతున్నాను కదా, హెచ్‌ఆర్‌కి ఒకమాట చెప్పేస్తే చాలు" అనుకోకండి. అమ్మాయిలూ, ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. గడువు మూడు నెలలు.

జీతం ఎగ్గొట్టడం, పీఎఫ్ కోసి కట్టకపోవడం కూడా అంతే. మొదటిదానికి కార్మిక శాఖ, రెండోదానికి ఈపీఎఫ్‌ఓ, అంటే పీఎఫ్ ఆఫీసు. పీఎఫ్ కట్టారో లేదో పాస్‌బుక్ తెరిస్తే నెలవారీగా కనబడుతుంది.

హెచ్‌ఆర్ లేని చోట

మన దగ్గర సగం ఉద్యోగాలకు ఎగ్జిట్ ఇంటర్వ్యూ అన్న పేరే ఉండదు. బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు, వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపు, గుంటూరులో కోల్డ్ స్టోరేజీ. మానేస్తున్నానని చెప్పగానే ఓనరు గారు కుర్రాడిని పంపి రెండు టీలు తెప్పించి, "ఏమయ్యా, ఏం తక్కువైంది నీకిక్కడ" అంటారు. అదే ఎగ్జిట్ ఇంటర్వ్యూ. ఫారం లేదని తేలిగ్గా తీసుకోకండి. ఆ టీ తాగే పది నిమిషాల్లో మీరు అనే మాట ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

ఇలాంటిచోట వరస కొంచెం మారుతుంది. ముందు కృతజ్ఞత. పెళ్లికి అడ్వాన్స్ ఇచ్చారనో, నాన్నగారికి బాగాలేనప్పుడు వారం రోజులు అడగకుండా సెలవిచ్చారనో, ఏదో ఒకటి ఉంటుంది. ఆ తర్వాత మీ నిర్ణయం మారదని స్పష్టంగా చెప్పండి. లేకపోతే బతిమాలడం, కోప్పడటం రెండూ గంటసేపు సాగుతాయి. ఆ తర్వాతే సలహా, అదీ ఆయన అడిగితేనే. "షావుకారు గారూ, బిల్లింగ్ కంప్యూటర్ దగ్గర ఇంకో మనిషిని పెట్టండి, సాయంత్రం ఏడింటి నుంచి కస్టమర్లు నిలబడలేక వెళ్లిపోతున్నారు" లాంటిది ఆయన లాభానికి సంబంధించినదైతే శ్రద్ధగా వింటారు. పక్కన పనిచేసే కుర్రాళ్ల గురించి మాత్రం నోరెత్తకండి.

సీజన్ చూసుకుని మానేయండి. మిర్చి యార్డుకి సరుకు ముమ్మరంగా వచ్చే మార్చి, ఏప్రిల్‌లలో గుమాస్తా మానేస్తే ఏ ఓనరూ మంచి మాట చెప్పడు. కాలేజీలో లెక్చరర్ డిసెంబర్‌లో మానేసినా అంతే. తప్పనిసరైతే అప్పగింతలు గట్టిగా చేయండి. ఎవరి దగ్గర ఎంత రావాలో, ఏ చిట్టా ఎక్కడుందో, ఏ లాట్ ఏ చాంబర్లో ఉందో రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ఆయన సంతకం తీసుకుని దగ్గర పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత లెక్క తేడా వస్తే మీకు ఫోన్ వస్తుంది. అప్పుడు చూపించడానికి ఆ కాగితమే ఉంటుంది. అనుభవ పత్రం లెటర్‌హెడ్ మీద, ముద్రతో అడిగి తీసుకోండి. "నేను ఫోన్లో చెప్తాలేరా" అంటారు. ఆయన మనసు మంచిదే కావచ్చు. కొత్తచోట కాగితం అడుగుతారు.

బయటికి వచ్చాక

ఆ సాయంత్రమే ఒక చిన్న మెయిల్ పెట్టండి: ఫలానా తేదీన మాట్లాడాం, నాకు ఇంకా రావాల్సినవి ఇవి, రిలీవింగ్ లెటర్ ఎప్పుడు ఇస్తారో చెప్పగలరు. నాలుగు వరసలు చాలు. గదిలో ఏం మాట్లాడారో ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అడిగినవాళ్లందరికీ చెప్పకండి. మీరు వెళ్లిపోతారు, విన్నవాళ్లు అక్కడే ఉండాలి.

కొత్తచోట చేరినప్పుడు, ఆ ఆర్థిక సంవత్సరంలో పాతచోట వచ్చిన జీతం వివరాలు ఇవ్వండి. ఇవ్వకపోతే రెండుచోట్లా పన్ను తక్కువ కోస్తారు, రిటర్న్ వేసేటప్పుడు ఒక్కసారిగా మీద పడుతుంది. జీతంలో కోసిన పన్నుకి పాత కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ (ఇన్నాళ్లూ ఫారం 16 అన్నది) జూన్ నెలలో అడగడం మరచిపోకండి.

రెండు నెలలు దాటాక ఒక ఆదివారం పొద్దున పీఎఫ్ పాస్‌బుక్, పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరవండి. చివరి నెల చందా పడిందో లేదో, డేట్ ఆఫ్ ఎగ్జిట్ ఎక్కిందో లేదో, ఎక్కిన తేదీ మీ రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీతో సరిపోయిందో లేదో చూడండి. ఒక్కరోజు తేడా ఉన్నా అప్పుడే రాయండి, హెచ్‌ఆర్‌లో మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉండగానే.